గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం, కారు షెడ్డులో

మీరు దయ్యాన్ని చూశారా, లేక దయ్యాన్ని చూశానని చెప్పిన మనిషిని చూశారా?

ఈ ప్రశ్న నేను తెనాలిలో అడిగాను, బాపట్లలో అడిగాను, రేపల్లె చుట్టుపక్కల పల్లెల్లో రచ్చబండలెక్కి అడిగాను. "నేనే చూశాను" అని నా కళ్ళలోకి చూసి చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఒకడి మేనమామ చూశాడు. ఇంకొకడి మేనమామ తోడల్లుడు చూశాడు. చూసినవాడు ఎప్పుడూ పక్క ఊళ్ళోనే ఉంటాడు, లేకపోతే పోయి ఉంటాడు.

నేను దయ్యాల్ని నమ్మలేదు. ఇవాళ కూడా నమ్మను. చచ్చిపోయినవాళ్ళు తిరిగి రారు. ఆ మాట ముందే చెప్పి ఇది రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా నేను మెత్తబడ్డానని మీకు అనిపిస్తే అది మీ ఆశే తప్ప నా మాట కాదు.

ఎనభైల చివర్లో నేను రేపల్లెలో ఫిజిక్సు లెక్చరర్‌ని. లూథరన్ కుటుంబాలు ఎక్కువగా ఉండే ఒక పేటలో అద్దెకుండేవాళ్ళం. నేనూ ఆ మతంలో పుట్టినవాణ్ణే. కాలేజీ రోజుల్లోనే బయటికి వచ్చేశాను. నా భార్య సుగుణ రాలేదు. ఆదివారం ఆమె చర్చికి వెళ్ళేది, నేను పల్లెలకి వెళ్ళి బాబాల గుట్టు విప్పేవాణ్ణి. మధ్యాహ్నం ఇద్దరం కలిసి భోంచేసేవాళ్ళం.

మాకొక పాత ఫియట్ కారు ఉండేది. అది సుగుణ మేనత్తది. ఆవిడ డాక్టరు. పెళ్ళి చేసుకోలేదు. తల్లి లేని సుగుణని ఆవిడే పెంచింది. పేటంతా ఆవిణ్ణి డాక్టరమ్మ అనేవాళ్ళు. పురుడని కబురొస్తే ఆవిడ కారు గుమ్మం ముందు ఆపి హారన్ కొట్టేది. ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా. ఆ చప్పుడు వినపడగానే సుగుణ మందుల సంచీ తీసుకుని పరుగెత్తాలి. అన్నం తింటున్నా సరే, తల దువ్వుకుంటున్నా సరే. "నేను పిలిచాక ఆలోచించకు. ముందు లే," అనేదట.

నాకు ఉబ్బసం. అది చూసేది కూడా ఆవిడే. ఊపిరి ఆడక ఎగరోజుతూ కూడా ఆవిడతో దేవుడి మీద వాదన పెట్టుకునేవాణ్ణి. "అబ్బాయ్, ఊపిరందనప్పుడు వాదించకు. ఎవరినైనా పిలు," అని సూది గుచ్చేది. ఆవిడ పోయాక కారు మాకు వచ్చింది.

ఆ ఏడాది గుడ్ ఫ్రైడేకి ముందురోజు మా హేతువాద సంఘం వాళ్ళం అడవులదీవిలో సభ పెట్టాం. అక్కడ ఒకాయన మంత్రం వేసి పాముకాటు దించుతానని జనాన్ని చంపుతున్నాడు. సభ పెట్టిన చోట కరెంటు లేదు. కారు బ్యాటరీకే మైకు తగిలించి మాట్లాడాను. కోపంలో చాలాసేపు మాట్లాడాను. సభ అయ్యేసరికి బ్యాటరీ చచ్చింది. చేపల బుట్టలు పక్కన పెట్టి ఊరివాళ్ళే కారు తోశారు.

"సారూ, మీరు దేవుణ్ణి తిడితే కారు అలిగిందండి," అన్నాడు ఒకతను తోస్తూ.

"అలగలేదయ్యా, ఛార్జి అయిపోయింది."

"అదేలెండి. మా ఆవిడ కూడా అదే అంటది. అలగలేదు, ఓపిక అయిపోయింది అంటది."

నేను కూడా నవ్వాను.

శుక్రవారం సాయంత్రం బాపట్లలో నాకు ఒక చర్చ ఉంది. ఆత్మ ఉందా లేదా అన్నదే విషయం. కారు కావాలి. గుడ్ ఫ్రైడే కాబట్టి బ్యాటరీ షాపులేవీ తీసి లేవు. నా దగ్గర ఇంట్లో వాడుకునే ఛార్జర్ ఒకటి ఉంది. తెనాలిలో రేడియోలు బాగుచేసే మిత్రుడు కట్టి ఇచ్చాడు. ఒక రేకు డబ్బా, అందులో ట్రాన్స్‌ఫార్మరు, ముందువైపు ముల్లు తిరిగే మీటరు, బ్యాటరీకి పట్టించే ఎర్ర క్లిప్పు, నల్ల క్లిప్పు. స్విచ్చి లేదు. ఏమయ్యా అంటే, "గోడకి ఉంటుంది కదా సార్, మళ్ళీ దీనికెందుకు?" అన్నాడు. సబబుగానే తోచింది.

మా కారు షెడ్డు ఇంటికి పక్కన, సందు వైపు ఉండేది. పైన రేకులు, ముందు ఇనప రేకు తలుపులు. గొళ్ళెం బయటివైపు మాత్రమే. షెడ్డులో ప్లగ్గు లేదు. వంటింటి ప్లగ్గు నుంచి, ఛార్జర్‌కే అతికిన పొడుగు వైరు లాగి, కిటికీలోంచి బయటికి తెచ్చి, షెడ్డు గోడకి పైన ఉన్న చిన్న కంతలోంచి లోపలికి దించాను. బ్యాటరీని కారులోంచి విప్పి, నేల మీద చెక్క వేసి పెట్టి, మూతలు తీసి, క్లిప్పులు పట్టించాను. సాయంత్రానికి కావాలి కాబట్టి ఛార్జర్ డబ్బా విప్పి, లోపలి తీగని ఎక్కువ కరెంటుకి బిగించి, వంటింట్లో స్విచ్చి వేసి వచ్చాను.

గుడ్ ఫ్రైడే నాడు మా పేటలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడు ప్రసంగాలు. ఆ రోజు గంట కొట్టరు. జ్వరం వచ్చినవాళ్ళు కూడా వెళ్తారు. పసిపిల్లల్ని భుజాన వేసుకుని వెళ్తారు. పేటలో పిల్లి కూడా ఉండదు.

సుగుణ తెల్లచీర కట్టుకుని షెడ్డు దగ్గరికి వచ్చింది.

"ఏవండీ, రానని తెలుసు. రమ్మనను. ఆ తలుపన్నా దగ్గరగా వేసుకోండి. అందరూ ఈ సందులోంచే వెళ్తారు. ఈ ఒక్క పూటా నా పరువు నిలబెట్టండి."

"పరువుకీ బ్యాటరీకీ సంబంధం ఏంటి?"

"మీకు అర్థమైతే నేను ఎందుకు చెప్తాను?" అని వెళ్ళిపోయింది. వెళ్తూ ఎండ పడుతోందని వంటింటి కిటికీ రెక్కలు గట్టిగా వేసింది. నా వైరు ఆ రెక్కల మధ్య నలిగింది. అది నాకు అప్పటికి తెలీదు.

నేను తలుపులు దగ్గరగా లాక్కుని, కారు వెనక కూర్చుని మీటరు చూస్తున్నాను.

మా పేటలో ఇంకో ఆచారం ఉంది. ఒక ఏడాది అందరూ ఆరాధనలో ఉండగా మేకల మంద పేటలో పడి ఈస్టరుకని ఎండబెట్టుకున్న పప్పులు, బియ్యం తినేసి పోయిందట. అప్పటినుంచి ఆ రోజు అందరికన్నా చివర బయల్దేరేవాళ్ళు సందు పొడుగునా తలుపులు, గేట్లు చూసి, వారగా వేసి ఉన్నవన్నీ గడియ పెట్టి వెళ్ళాలి. ఎన్నో ఏళ్ళుగా ఆ పని ఎస్తేరు పిన్నిది. పెద్దావిడ. మోకాళ్ళ నొప్పులు. ఎప్పుడూ ఆఖరునే వెళ్తుంది. లోపల ఎవరున్నారని ఆవిడ అడగదు. గుడ్ ఫ్రైడే పన్నెండింటికి ఇంట్లో మనిషి ఉంటాడనే ఊహ మా పేటలో ఎవరికీ రాదు.

ట్రాన్స్‌ఫార్మరు గుయ్‌మంటూ ఉంది. దాని మధ్యలో చిన్న చప్పుడు వినపడింది. ఇనప గొళ్ళెం కొంకిలో పడ్డ చప్పుడు. ఆ వెంటనే ఎవరో సన్నగా పాట పాడుకుంటూ వెళ్ళిపోయారు.

"పిన్నీ! ఎస్తేరు పిన్నీ! నేను లోపలున్నాను!" అని అరిచి తలుపు బాదాను. ఆవిడకి చెముడు కూడా ఉంది.

మొదట నవ్వొచ్చింది. దేవుణ్ణి నమ్మనివాణ్ణి గుడ్ ఫ్రైడే నాడు కారు షెడ్డులో పెట్టి గడియ వేశారు. సాయంత్రం బాపట్లలో ఈ జోకు బాగా పేలుతుందనుకున్నాను.

కాసేపటికి బ్యాటరీలోంచి బుడబుడమని చప్పుడు మొదలైంది.

అంత త్వరగా మరగకూడదు. ఒక సెల్లు చెడిపోయి ఉంటుంది. ముట్టుకుంటే బ్యాటరీ పక్కలు కాలుతున్నాయి. అలా మరిగినప్పుడు వచ్చేది ఉత్త ఆవిరి కాదు. హైడ్రోజన్ వస్తుంది. దాంతోపాటు ఆసిడ్ తుంపర లేస్తుంది. మామూలు మనిషికి దగ్గు తెప్పిస్తుంది. ఉబ్బసం ఉన్నవాడికి గొంతు మూస్తుంది.

ఆపేద్దామంటే స్విచ్చి వంటింట్లో ఉంది. క్లిప్పు పీకితే నిప్పురవ్వ వస్తుంది. నిప్పురవ్వకీ హైడ్రోజన్‌కీ ఏమవుతుందో నేను క్లాసులో పరీక్షనాళికలో చేసి చూపించేవాణ్ణి. తెనాలిలో ఒకసారి ఎవరో తొందరపడి క్లిప్పు లాగితే బ్యాటరీ పగిలి ఆసిడ్ గోడ దాకా చిమ్మడం కళ్ళారా చూశాను. వైరు పట్టుకుని బలంగా లాగాను. అవతల ప్లగ్గు ఊడి వస్తుందని. కిటికీ రెక్కల మధ్య ఇరుక్కున్న వైరు ఇసుమంతైనా కదల్లేదు. ఇంకా గట్టిగా లాగి అది తెగితే అక్కడా రవ్వే.  నా ఉబ్బసం మాత్రలు కూడా ఆ వంటింట్లోనే అలమరాలో ఉన్నాయి.

స్పానర్‌తో తలుపు బాదాను. రేకు మోగింది. ఆ మోత సందులోకి వెళ్ళింది. సందులో ఎవరూ లేరు. చర్చి కాలువకి అవతల, చాలా దూరంలో ఉంది. దాని కిటికీలన్నీ తెరిచినా, లోపల ప్రసంగం, ఫ్యాన్లు.

పేరుపేరునా పిలిచాను. కొంతసేపటికి పేరులో సగం మాత్రమే బయటికి వచ్చేది. ఆ తర్వాత ఈలలాంటి ఊపిరి తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు దేవుణ్ణి తలుచుకున్నారా అని ఇప్పటికీ చాలామంది ఆశగా అడుగుతారు. లేదు. ఎస్తేరు పిన్నిని తలుచుకున్నాను. తిట్టుకుంటూ తలుచుకున్నాను.

రేకుల కింద వేడి. కళ్ళు మండుతున్నాయి. తుంపర నుంచి తప్పించుకోవాలని కారులో దూరి అద్దాలన్నీ ఎక్కించాను. లోపల ఇంకా వేడి. అయినా గొంతులో మంట కొంచెం తగ్గింది. స్టీరింగు మీద తల పెట్టుకున్నాను. ఆ పాత సీట్లలో డాక్టరమ్మ వాడే డెట్టాలు వాసన ఇంకా పోలేదు. ఊపిరందనప్పుడు వాదించకు, ఎవరినైనా పిలు.

నేను హారన్ నొక్కాను.

మీరు నవ్వచ్చు. నేనే నవ్వుతాను. ఫిజిక్సు లెక్చరర్‌ని. బ్యాటరీ నా వెనక నేల మీద ఉంది. కారు తీగలు ఖాళీగా వేలాడుతున్నాయి. ఆ హారన్ మోగదని నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలీదు. అయినా నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో, ఎలా నొక్కానో గుర్తు లేదు. చప్పుడు రాలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కారులో కూర్చున్న నాకు ఏ చప్పుడూ వినపడలేదు. బ్యాటరీ మరుగుతున్న చప్పుడు, నా ఊపిరి చప్పుడు, అంతే.

తర్వాత తెలిసింది తలుపు తెరుచుకున్న వెలుతురు. చెప్పులు లేకుండా సుగుణ. ఆమె నన్ను కారులోంచి లాగి బయట ఎండలో పడేసి, వంటింట్లోకి పరుగెత్తి స్విచ్చి ఆపింది. మాత్ర తెచ్చింది. అప్పటికి నా గోళ్ళు నీలంగా ఉన్నాయట. ఆమె వెనకే చర్చిలోంచి వచ్చిన మా పేట కాంపౌండరు సూది తెచ్చి ఇంజక్షన్ చేశాడు. ఇంకొంచెంసేపు ఆగి ఉంటే ఇంజక్షన్‌తో పనే ఉండేది కాదని అన్నాడు.

ఆరాధన ఇంకా నడుస్తూనే ఉంది. ఐదో మాట దగ్గర ఉన్నారు.

నాకు మాట వచ్చాక మొదట అడిగింది అదే. "నువ్వు ఎందుకు వచ్చావు?"

"హారన్ కొట్టారుగా," అంది.

"ఎవరు?"

ఆమె కారు వైపు చూసింది. నేల మీద ఉన్న బ్యాటరీ వైపు చూసింది. "పొడుగ్గా ఒకటి, పొట్టిగా రెండు," అంది నెమ్మదిగా. "నేను ఆలోచించలేదండీ. లేచేశాను. పాటల పుస్తకం ఒళ్ళోంచి కింద పడింది. అందరూ చూస్తున్నారు. చెప్పులు కూడా వేసుకోలేదు."

బాపట్ల చర్చకి నేను వెళ్ళలేదు. దేవుడు శిక్షించాడని అక్కడ ఎవరో ప్రకటించారట. నన్ను శిక్షించింది ఒక చెడిపోయిన సెల్లు, స్విచ్చి లేని డబ్బా, బయటి గొళ్ళెం. ఇందులో దేవుడి పని ఏమీ లేదు.

కానీ హారన్ సంగతి ఏంటి?

మర్నాడు మంచం మీద కూర్చునే విచారణ మొదలుపెట్టాను. మహిమల మీద విచారణ చేసేటప్పుడు మేం పాటించే పద్ధతి ఒకటుంది. సాక్షుల్ని విడివిడిగా అడగాలి. ఒకరి మాట ఒకరు వినకూడదు. మనం జవాబు అందించకూడదు. "నిన్న ఆరాధనలో బయట నుంచి ఏమైనా వినపడిందా?" అని మాత్రమే అడిగాను. విన్నామన్నవాళ్ళని నోటితో ఆ చప్పుడు చేసి చూపించమన్నాను. పెద్దమనుషులు సిగ్గుపడుతూ నా ముందు హారన్‌లా కూశారు. అందరూ ఒకేలా కూశారు.

ఎస్తేరు పిన్ని ఏడుస్తూ వచ్చింది. "నా చేతులు విరగ, నీ మీద గడియ పెట్టానా అబ్బాయ్! డాక్టరమ్మ పిలిచింది కాబట్టి సరిపోయింది."

"నీకు చెముడు కదా పిన్నీ, నీకెలా వినపడింది?"

"నాకు వినపడలేదు నాయనా. సుగుణమ్మ లేచిన తీరు చూస్తే తెలియదా? ఆ పిల్ల అలా లేచేది ఒక్క ఆవిడ పిలుపుకే."

ఈవిడ సాక్ష్యం కొట్టేశాను. మిగతావాళ్ళ సాక్ష్యం మీద కూడా నా దగ్గర అభ్యంతరం సిద్ధంగా ఉంది. రోడ్డు మీద ఏదో బండి హారన్ కొట్టి ఉంటుంది. సుగుణ అలవాటు కొద్దీ లేచింది. ఆమె లేవడం చూసి మిగతావాళ్ళకి పాత చప్పుడు గుర్తొచ్చింది. మనసు చేసే మోసాలన్నీ ఇలాంటివే. సరిగ్గా ఆ సమయానికి జరగడం కాకతాళీయం. విచారణ ముగిసిందనే అనుకున్నాను.

అప్పుడు సుగుణ ఒక మాట అంది. "అది మన హారన్ కాదండీ. అత్తయ్య హారన్."

కారు మాకు వచ్చిన కొత్తలో నేను హారన్ మార్పించాను. డాక్టరమ్మ హారన్ పగుళ్ళు పట్టి, జలుబు చేసిన బాతులా మోగి చివర కీచుమనేది. కొత్తది సన్నగా, సాఫీగా మోగుతుంది. నాకు కూసి చూపించినవాళ్ళందరూ చివర కీచుమనిపించారు. అది నేను అప్పుడు గమనించలేదు.

పాత హారన్ ఎక్కడుందో నాకు తెలుసు. నేనే దాన్ని రంపంతో సగానికి కోసి, లోపలి తీగచుట్టా, పలకా కనపడేలా చెక్కకి బిగించి, కాలేజీ ల్యాబులో గోడకి తగిలించాను. సెలవులయ్యాక వెళ్ళి చూశాను. గోడ మీదే ఉంది. దాని మీద దుమ్ము చెదరలేదు.

సరే, పేటవాళ్ళందరికీ ఆ పాత చప్పుడు జ్ఞాపకం ఉంది కాబట్టి దాన్నే విన్నామనుకున్నారు అందాం. అక్కడితో వదిలేద్దును. కానీ ఐదో మాట మీద ప్రసంగిస్తున్నది కొత్త పాస్టరు గారు. ఈ ఊరికి వచ్చి ఏడాది కూడా కాలేదు. డాక్టరమ్మని చూడలేదు. పాత హారన్ ఎన్నడూ వినలేదు. ఆయన ప్రసంగం మధ్యలో ఆగిపోయాడని అందరూ చెప్పారు. సుగుణ లేవకముందే ఆగాడని కూడా చెప్పారు.

ఆయన్ని మా ఇంటికి పిలిచాను. టీ తాగుతూ అడిగాను. కూసి చూపించమన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, ఒకటి పొడుగ్గా, రెండు పొట్టిగా కూశాడు. చివర కీచుమంది. లోపల గదిలో సుగుణ చేతిలోంచి ఏదో గిన్నె జారిపడింది.

ఆయన ఆ గది వైపు ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు. "సార్, ఇది మీకెంత ఇబ్బందో నాకూ అంతే ఇబ్బందండి. మా వాక్యం ప్రకారం కూడా పోయినవాళ్ళు ఇలా వచ్చి పిలవరు. నేను సంఘంలో చెప్పలేను. మీరు సభలో చెప్పలేరు."

 జీవితంలో నేను ఒక పాస్టరుతో పూర్తిగా ఏకీభవించింది అప్పుడే.

ఈస్టరు నాడు చర్చిలో సాక్ష్యం చెప్పమని పెద్దలు అడిగారు. కుదరదన్నాను. తెనాలిలో మా మిత్రులకి చెప్తే, "ఈ సంగతి ఎక్కడా ఎత్తకండి సార్, ఉద్యమం నవ్వులపాలవుతుంది," అన్నారు. అదీ తప్పేనన్నాను. మనకి నచ్చని సాక్ష్యం దాచిపెడితే మనకీ బాబాలకీ తేడా ఏంటి? అయినా ఇన్నేళ్ళూ దాచాను. షెడ్డు తలుపు సుగుణ తీసింది. ఆ చప్పుడు గుట్టు తలుపు తీసేవాళ్ళు నాకింకా దొరకలేదు.

నేను ఎన్ని విధాలుగా ఆలోచించినా ఆ చప్పుడుకి కారణం చెప్పలేను. కారణం తెలియదని చెప్పడం వేరు, దయ్యం ఉందని చెప్పడం వేరు. మొదటిది నేను ఒప్పుకుంటున్నాను. రెండోది నా నోటినుంచి ఎవరూ అనిపించలేరు. సుగుణ నాతో వాదించదు. ఆ కారు అమ్మేదాకా, మేం బయటికి వెళ్ళేటప్పుడల్లా, ఆమె ముందు దాని బానెట్ మీద ఒకసారి చెయ్యి వేసి అప్పుడు ఎక్కేది. ఎందుకని నేను అడగలేదు.

ఇది చదివి మీరు డాక్టరమ్మ ఆత్మకి దణ్ణం పెట్టకండి. నన్ను వెక్కిరించడం కోసం నలుగురికీ చెప్పినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఇప్పుడే లేచి ఒక పని చేయండి. మీ షెడ్డుకో, కొట్టు గదికో, స్నానాల గదికో గడియ బయటే ఉంటే లోపల కూడా ఒకటి బిగించండి. బ్యాటరీని ఆరుబయట పెట్టి, స్విచ్చి చేతికి అందేచోట ఉంచుకుని ఛార్జింగు చేయండి. ఇవాళ్టినుంచి ఏ తలుపుకైనా గొళ్ళెం పెట్టేముందు, లోపల ఎవరూ ఉండరని మీకు ఎంత నమ్మకమున్నా సరే, ఒకసారి లోపలికి గట్టిగా పిలవండి. పిలిచి, జవాబు కోసం ఆగండి.